పాత అంబాసిడర్ రేడియేటర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టొచ్చా? విశాఖ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ప్రతిసారీ మరిగిపోతోంది

అల్లిపురం అంబీ | ఆదివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాది 1977 అంబాసిడర్ మార్క్ 3, పెట్రోలు, 1489 సీసీ ఇంజను. నాన్నగారు పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న బండి. హుద్‌హుద్ తుపానుకి షెడ్డు రేకులు ఎగిరి పక్క వీధిలో పడ్డాయి కానీ బండికి గీత కూడా పడలేదు. అలాంటిది ఇప్పుడు ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే కుక్కర్ అయిపోతోంది.

నిన్న కంచరపాలెం దాటి ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ కింద జామ్‌లో ఇరుక్కున్నాం. టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పాకి ఎర్ర గీత మీద కూర్చుంది. పక్కకి తీసి ఆపేసరికి ఓవర్‌ఫ్లో పైపులోంచి బుసబుసమని ఆవిరి. కొబ్బరిబొండాల ఆయన పాపం బకెట్టుతో చన్నీళ్లు తెచ్చి పోసేయబోయాడు. నాన్నగారు "పొయ్యకయ్యా, ఇంజను హెడ్డు పగులుద్ది" అని అరిచారు. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాం. బొండాలు మాత్రం నాలుగు తాగాం.

రోడ్డు ఖాళీగా ఉండి 50, 60లో పోతుంటే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నెలాఖరున నాన్నగారిని అరకు తీసుకెళ్లాలి. ఈ బండిలోనే వెళ్దామని ఆయన పట్టు. మా వీధి మెకానిక్ "ఏటి బావూ, దీనికంత ఆలోచనేటి? మారుతీ ఫ్యానొకటి తెచ్చి రేడియేటరుకి ప్లాస్టిక్ ట్యాగులేసి కట్టేద్దుం, అరగంట పని" అంటున్నాడు. కట్టించనా?

భీమిలి బుల్లోడు | ఆదివారం రాత్రి 9:41

కట్టించేయండి సార్. నా ప్రీమియర్ పద్మిని కారుకి అలాగే కట్టారు. బీచ్ రోడ్డులో సూపర్‌గా తిరుగుతోంది.

డైనమో మాస్టారు | ఆదివారం రాత్రి 10:15

ఆగండి బాబూ, ఆగండి. ఆ ట్యాగుల సంగతి ముందు తేల్చాలి.

ట్యాగు రేడియేటర్ రెక్కల సందులోంచి దూరి ట్యూబులకి ఆనుకుని ఉంటుంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా సన్నగా అదురుతుంది, బండి గతుకులో పడితే ఫ్యాను బరువంతా ఆ నాలుగు ట్యాగుల మీదే వేలాడుతుంది. పాత ఇత్తడి ట్యూబు గోడ ఎంత పల్చగా ఉంటుందో చేత్తో పట్టుకున్నవాళ్లకి తెలుసు. ఏడాదో రెండేళ్లో, ప్లాస్టిక్ రాపిడికి అక్కడ చెమ్మ మొదలవుతుంది. ఫ్యానుని కోర్‌కి, అంటే ఆ ట్యూబులూ రెక్కలూ ఉన్న జాలీకి, కట్టకూడదు. రేడియేటర్ పక్క ఫ్రేముకి పట్టీలు బిగించి, వాటి మీద రబ్బరు బుష్షులు వేసి నిలబెట్టాలి.

అసలు మీ జబ్బుకి ఫ్యానే మందా అన్నది ఇంకా తేలలేదు. నడుస్తుంటే చల్లగా ఉండి నిలబడితే వేడెక్కుతోందంటే గాలి చాలడం లేదని అర్థం, అంతవరకు మీ అనుమానం సబబే. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు, ఇంజను బెల్టుతో తిరిగే పాత ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుంది, అది దాని పుట్టుకలోనే ఉన్న లోపం. కానీ ఇదే బండి 1977లోనూ ట్రాఫిక్‌లో నిలబడింది కదా? అప్పుడు మరగనిది ఇప్పుడెందుకు మరుగుతోంది? ఆ ప్రశ్నకి జవాబు దొరికాకే ఫ్యాను కొనండి.

ఒరిజినలే ముద్దు | ఆదివారం రాత్రి 10:52

మాస్టారు సగం చెప్పారు, మిగతా సగం నేను చెప్తా. ఎలక్ట్రిక్ ఫ్యాను అవసరమే లేదు. కోల్‌కతా ఎండలో, ఆ ట్రాఫిక్‌లో పసుపు టాక్సీలు దశాబ్దాలపాటు తిరిగాయి, వాటికేం వైర్లు, రిలేలు లాగలేదు. రేడియేటర్ బాగుంటే, బెల్టు బిగువుగా ఉంటే చాలు.

ఇంకో సంగతి. మీది 1977 బండి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండితే వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్రం రూల్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. 2027 ఎంతో దూరం లేదు, ఇప్పుడు పోయి చిల్లులు పొడిచి పాడుచేసుకోకండి.

సెకండ్ గేర్ సీత | సోమవారం ఉదయం 6:30

ఒరిజినలే ముద్దు గారూ, బోల్టు విప్పితే ఊడొచ్చే ఫ్యానుకి వింటేజ్ పోదు లెండి. ఛాసీ కోయడం లేదుగా. పాత ఫ్యాను, పాత బోల్టులు దాచిపెడితే సరిపోతుంది.

అంబీ గారూ, ఇవి చూసి చెప్పండి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి, మరీ వదులైతే నీళ్ల పంపూ ఫ్యానూ రెండూ జారతాయి. నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి వదిలే థర్మోస్టాట్ విప్పి గిన్నెలో నీళ్లు కాచి వేయండి. మీద 82 అని ఉంటే ఆ చుట్టుపక్కల నోరు తెరవాలి. రేడియేటర్ క్యాప్ రబ్బరు గట్టిపడిందా చూడండి. 7 పౌండ్ల ఒత్తిడి క్యాప్ సరిగ్గా పట్టుకుంటే నీళ్లు 110 డిగ్రీల దాకా మరగవు, పట్టుకోకపోతే వందకే గోవిందా.

ఇంజను వేడి మీద ఉన్నప్పుడు ఆపేసి, బానెట్ ఎత్తి, ముందు వైపు నుంచి కోర్ మీద అరచెయ్యి ఆడించండి. ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడ ట్యూబులు పూడిపోయాయన్నమాట. క్యాప్ మాత్రం వేడి మీద తీయొద్దు!

అల్లిపురం అంబీ | మంగళవారం రాత్రి 8:05

చూశాను. బెల్టు అంగుళం పైనే దిగుతోంది, లోపలి వైపు అద్దంలా మెరుస్తోంది. థర్మోస్టాట్ అసలు లేనే లేదు! ఎవరో ఎప్పుడో పీకేశారు. క్యాప్ రబ్బరు చిటికెన వేలితో గిల్లితే పొడి రాలింది.

రేడియేటర్ కింద కుడి మూల, సుమారు రెండు అరచేతులంత మేర, చల్లగా ఉంది. పైనంతా చెయ్యి పెట్టలేకపోయాను. కింద హోస్ పీకితే కాఫీ డికాక్షన్ లాంటి నీళ్లు వచ్చాయి. అడుగున ఎర్ర తుప్పు ముద్ద.

మా ఇంట్లో బోరు నీళ్లే పోసేవాళ్లం ఇన్నాళ్లూ. తప్పు మాదే.

ఒరిజినలే ముద్దు | మంగళవారం రాత్రి 8:11

చెప్పానా లేదా!

డైనమో మాస్టారు | మంగళవారం రాత్రి 9:30

బోరు నీళ్లలో ఉన్న సున్నమంతా ఆ ట్యూబుల్లో పేరుకుని ఉంటుంది. మీ టీ గిన్నె అడుగున తెల్లగా పట్టేది అదే.

మంచి రేడియేటర్ షాపు చూసి రాడింగ్ చేయించండి. పై ట్యాంకు, కింది ట్యాంకు టంకం కరిగించి ఊడదీసి, ఒక్కో ట్యూబులో సన్నటి ఇనప పట్టీ దూర్చి తోముతారు. కేవలం యాసిడ్ పోసి కడిగేస్తాం అనేవాళ్ల దగ్గర పని చేయించకండి, పూర్తిగా పూడిన ట్యూబులోకి యాసిడ్ కూడా పోదు. మన పాత ఇత్తడి రేడియేటర్లలో ఉన్న సుఖం ఇదే, విప్పి బాగుచేసుకోవచ్చు.

థర్మోస్టాట్ తప్పకుండా పెట్టండి. తీసేస్తే చల్లగా ఉంటుందని మన ఊళ్లో పెద్ద నమ్మకం. అది లేకపోతే ఇంజను ఉదయం చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అసలు జబ్బు మాత్రం తీరదు.

ట్యాంకు ఎలాగూ ఊడదీస్తున్నారు కాబట్టి, ఫ్యాను పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే పై ట్యాంకుకి, హోస్ మొదట్లో, ఓ ఇత్తడి బుష్ టంకం పెట్టించండి. 22 మిల్లీమీటర్లు, ఒకటిన్నర పిచ్ మర. నీళ్లు వేడెక్కితే ఫ్యాను వేసే థర్మో స్విచ్‌లు చాలావాటికి ఆ మరే ఉంటుంది, అయినా స్విచ్ ముందే కొని షాపులో చేతికివ్వండి. అవసరం లేకపోతే దానికో బోల్టు బిగించేస్తే సరి.

ఉప్పుగాలి | బుధవారం ఉదయం 7:15

నేను ఎలక్ట్రికల్ వైపు మనిషిని, బండి లేదు, చదవడం ఇష్టం. ఒక సందేహం. మార్క్ 3 అంటే కరెంటు పుట్టించేది పాతకాలపు డైనమో కదా? ఎలక్ట్రిక్ ఫ్యాను తిప్పేంత కరెంటు ఇస్తుందా?

డైనమో మాస్టారు | బుధవారం ఉదయం 7:48

నా పేరు పెట్టుకున్నదే అందుకు, అడగండి.

పాత లూకాస్ సీ40 రకం డైనమో గట్టిగా తిరిగితే 22 ఆంపియర్లు. ఐడిల్‌లో దాదాపు సున్నా, ఎర్ర దీపం మినుకు మినుకుమంటుందే అప్పుడన్నమాట. సరిగ్గా జామ్‌లో ఫ్యాను తిరగాల్సిన సమయానికి డైనమో నిద్రపోతుంది. మొత్తం బరువు బ్యాటరీ మీదే.

అలాగని భయపడక్కర్లేదు. 12 అంగుళాల స్లిమ్ ఫ్యాను 90 వాట్లది అనుకుంటే ఏడెనిమిది ఆంపియర్లు. పది నిమిషాలు ఆగకుండా తిరిగినా ఒక ఆంపియర్-అవర్ చిల్లర. రోడ్డు మీద పడగానే అది తిరిగొచ్చేస్తుంది. పగటి పూట తిరిగే బండికి డైనమో చాలు. రాత్రి వానలో జామ్ అయితేనే కథ మారుతుంది. హెడ్‌లైట్లకి తొమ్మిది, వైపర్‌కి మూడు, ఇగ్నిషన్ కాయిల్‌కి మూడు నాలుగు, ఫ్యానుకి ఎనిమిది. అంటే 23, 24. అలా వాడేవాళ్లు ఐడిల్‌లోనూ కరెంటిచ్చే ఆల్టర్నేటర్‌కి మారాల్సిందే.

అంబీ గారూ, బ్యాటరీ ఎర్త్ ఏది, అంటే బండి బాడీకి కలిపింది ప్లస్సా, మైనస్సా? పాత బ్రిటిష్ పద్ధతి బండ్లలో పాజిటివ్ ఎర్త్ కూడా ఉండేది. చూడకుండా కలిపితే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది.

అల్లిపురం అంబీ | గురువారం రాత్రి 9:02

మాది నెగటివ్ ఎర్తే మాస్టారూ. రేడియేటర్ రాడింగ్‌కి ఇచ్చాను. ట్యాంకు విప్పినప్పుడు నన్ను పిలిచి చూపించారు. దాదాపు మూడో వంతు ట్యూబులు కంటికి కనబడకుండా పూడిపోయాయి. ఒకదాంట్లోంచి రాలింది పెంకులు పెంకులుగా ఉంది, కోడిగుడ్డు పెంకులాగే. బుష్ కూడా పెట్టించాను.

భీమిలి బుల్లోడు | గురువారం రాత్రి 11:20

ఒక మాట ఒప్పుకోవాలి. మాస్టారు ట్యాగుల గురించి రాశాక ఈరోజు టార్చ్ వేసి నా పద్మినిని చూశా. కింద ఎడమ ట్యాగు దగ్గర ఆకుపచ్చ మరక, తడి. వారానికో అర లీటరు తగ్గుతుంటే ఎండకి ఆవిరవుతోంది అనుకున్నా ఇన్నాళ్లూ.

నాకు ఇంకో వింత కూడా ఉంది. తాళం తీసేశాక కూడా ఇంజను రెండు మూడు సెకన్లు కొట్టుకుంటూ ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉప్పుగాలి | శుక్రవారం ఉదయం 6:50

ఫ్యాను వైరు నేరుగా ఇగ్నిషన్ స్విచ్ నుంచి లాగారా? అయితే అదే. కరెంటు తీసేసినా ఫ్యాను ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. తిరిగే మోటారంటే బుల్లి డైనమోయే, అది పుట్టించిన కరెంటు వెనక్కి పోయి కాయిల్‌ని బతికిస్తోంది. పైగా అంత కరెంటు ఆ తాళం స్విచ్‌లోంచి పోతే దాని కాంటాక్టులు కాలిపోతాయి. రిలే పెట్టండి తమ్ముడూ, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్ అది.

సెకండ్ గేర్ సీత | శుక్రవారం మధ్యాహ్నం 1:10

రిలే సంగతి వచ్చింది కాబట్టి నా బండిలో వేసింది రాస్తున్నా, అంబీ గారికీ పనికొస్తుంది.

నాలుగు కాళ్ల మామూలు 30 ఆంపియర్ల రిలే. 30వ కాలికి స్టార్టర్ సోలినాయిడ్ దగ్గర గోధుమరంగు వైరు ఉన్న నట్టు నుంచి రెండున్నర ఎంఎం తీగ లాగాను, అక్కడికి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి ఫ్యానుకి. 86కి ఫ్యూజు బాక్సులో ఏ4 మీద ఉండే ఆకుపచ్చ వైరు, అంటే తాళం వేస్తేనే కరెంటు. 85 నుంచి థర్మో స్విచ్‌కి, స్విచ్ అవతలి కాలు ఎర్త్‌కి. తాళం తీసేస్తే ఫ్యాను ఆగిపోతుంది, ఆగాలి కూడా. ఇంజను ఆగాక పంపు తిరగదు, అప్పుడు ఫ్యాను తిరిగినా రేడియేటర్లో నీళ్లే చల్లబడతాయి, హెడ్డు చల్లబడదు. బ్యాటరీ దండగ.

స్విచ్ మీద 92-87 అని ఉన్నది తీసుకోండి. 92కి వేస్తుంది, 87కి ఆపుతుంది. పై ట్యాంకులో పెడుతున్నారు కాబట్టి అది సరిపోతుంది. కింది ట్యాంకులో అయితే చల్లబడ్డ నీళ్లు తగులుతాయి, ఇంకా తక్కువది కావాలి.

మన ఊళ్లో మాత్రం ప్రతి జాయింటునీ టంకం వేసి, స్లీవ్ తొడిగి, గ్రీజు రాయాలి. పెదవాల్తేరులో మా ఇంటి బాల్కనీలో తాళం కప్పే ఏడాదికి తుప్పు పట్టిపోతుంది, ఇక క్లిప్పులెంత.

అల్లిపురం అంబీ | ఆదివారం సాయంత్రం 5:45

ఈరోజు పని మొదలుపెట్టాను, మధ్యాహ్నం భోజనం కూడా షెడ్డులోనే.

పాత ఫ్యాను రెక్క నాలుగు బోల్టులతో పుల్లీకి (బెల్టు తిరిగే చక్రానికి) ఉంది. అది తీశాక కోర్ నుంచి పుల్లీ మొహం దాకా కొలిస్తే మూడుముప్పావు అంగుళాలు. ఫ్యాను మందం రెండున్నర. కోర్‌కీ ఫ్యానుకీ అర అంగుళం ఖాళీ వదిలితే పుల్లీ వైపు ముప్పావు అంగుళం మిగిలింది. సరిపోతుందా? ముందు వైపు గ్రిల్ దగ్గర చోటు ఎక్కువే ఉంది, అక్కడ పెడితే సుఖం కదా?

ఇంకో సమస్య. అవే బోల్టులు తిరిగి బిగిస్తే పుల్లీ ఎక్కడో తగిలి కిర్రుమంటోంది.

డైనమో మాస్టారు | ఆదివారం సాయంత్రం 6:20

తిప్పకండి, ఆపండి! రెక్క మందం పోయింది కాబట్టి ఆ బోల్టులు ఇప్పుడు పొడవు ఎక్కువ, వెనక పంపు బాడీని గీకుతున్నాయి. అదే మరతో పొట్టివి తెండి, లేదా తీసేసిన రెక్క మందానికి సరిపడా వాషర్లు వేయండి. పాతవి దాచండి.

ముప్పావు అంగుళం చాలు, అంతకంటే తగ్గనివ్వకండి. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు ఇంజను మౌంటింగుల మీద కాస్త ముందుకు ఊగుతుంది, రబ్బర్లు మెత్తబడి ఉంటే మరీను. ముందు పెట్టడం వద్దు. ముందు పెట్టిన ఫ్యాను గాలిని నెడుతుంది, కానీ రోడ్డు మీద పోయేటప్పుడు మోటారే ఎదురుగాలికి అడ్డం. వెనక పెట్టి లాగించడం మేలు. చోటు లేనివాళ్లు ముందు పెట్టుకుంటారు, అది వేరే.

అల్లిపురం అంబీ | ఆదివారం రాత్రి 10:30

వాషర్లు వేశాను, కిర్రు పోయింది. పట్టీలు రేడియేటర్ పక్క ఫ్రేముకి ఉన్న పాత చిల్లుల్లోనే బిగించాను, ఒరిజినలే ముద్దు గారు సంతోషించాలి.

మొదటిసారి స్విచ్ వైర్లు రెండూ కలిపి చూస్తే ఫ్యాను గట్టిగానే తిరిగింది, మావాడు చప్పట్లు కొట్టాడు. నాన్నగారు మాత్రం లోపల్నుంచి ఈనాడు పేపరు తెచ్చి గ్రిల్ ముందు పట్టుకున్నారు. పేపరు అతుక్కోలేదు, ఎగిరి ఆయన మొహం మీద పడింది. తిరగాల్సిన వైపు కాక రెండో వైపు తిరుగుతోంది! ఫ్యాను మోటారు వైర్లు తారుమారు చేశాక పేపరు గ్రిల్‌కి అతుక్కుని అలాగే ఉండిపోయింది.

మల్టీమీటర్: మొదలైనప్పుడు 18 ఆంపియర్ల దాకా లేచి ఏడున్నర దగ్గర నిలబడింది.

ఉప్పుగాలి | ఆదివారం రాత్రి 10:44

పేపరు పరీక్ష నాకు తెలియదు, బాగుంది. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. రెక్కల వంపు ఏ వైపు తిరగడానికి చేశారో కూడా ఒకసారి చూసుకోండి. వంపు రెక్కల్ని వెనక్కి తిప్పినా గాలి వస్తుంది కానీ బాగా తగ్గిపోతుంది.

అల్లిపురం అంబీ | సోమవారం ఉదయం 6:10

చూశాను, డబ్బా మీద బాణం గుర్తు ఉంది. ఇప్పుడు బాణం వైపే తిరుగుతోంది. నిన్న నేనే ఎర్రా నలుపూ తప్పు కలిపాను.

ఒరిజినలే ముద్దు | సోమవారం ఉదయం 8:00

పని నీటుగా చేశారు, కాదనను. కానీ నా మాట అలాగే ఉంది. రాడింగ్, బెల్టు, క్యాప్, థర్మోస్టాట్. ఈ నాలుగింటితోనే మీ బండి బాగుపడేది. పాత రెక్కతో ఒక్కసారి ఎన్‌ఏడీ వెళ్లొచ్చి ఉంటే తెలిసేది. మీరు రెండూ ఒకేసారి మార్చారు, ఇప్పుడు ఏది పనిచేసిందో ఎవరు చెప్తారు?

సెకండ్ గేర్ సీత | సోమవారం ఉదయం 8:25

ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. మీ వాదానికి ఒక పాయింటు.

అల్లిపురం అంబీ | తర్వాతి ఆదివారం రాత్రి 9:50

ఒరిజినలే ముద్దు గారి మాట మీద బుధవారం సాయంత్రం కొత్త ఫ్యాను విప్పేసి, పాత రెక్క మళ్లీ బిగించి ఎన్‌ఏడీ వెళ్లాను. (మా ఆవిడ పిచ్చి అంది.) పావుగంట జామ్. ముల్లు మధ్య గీత దాటి పైకి వచ్చింది కానీ ఎర్ర గీత దాకా పోలేదు, మరగలేదు. శుక్రవారం అదే వేళకి, అదే చోట, కొత్త ఫ్యానుతో. మధ్య గీత మీద నిలబడింది, రెండుసార్లు ఫ్యాను వేసుకుని ఆగింది. అంటే మరగడం ఆపింది రాడింగే. ఆ పైన ముల్లుని కిందికి దించింది ఫ్యాను. ఇద్దరూ గెలిచారు అనుకోండి.

ఇక అరకు. నిన్న తెల్లవారుజామున బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా ఫ్యాను ఒక్కసారీ వేసుకోలేదు, ఎదురుగాలే సరిపోయింది. డ్యాష్‌బోర్డు కింద 87వ కాలి నుంచి చిన్న ఆకుపచ్చ దీపం లాగాను, ఫ్యానుకి కరెంటు వెళ్తే వెలుగుతుంది. టైడా దాటి ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఎక్కుతుంటే మొదటిసారి వెలిగింది. ముందు ఓ లారీ నెమ్మదిగా పోతోంది, ఓవర్‌టేక్‌కి చోటు లేదు. దీపం వెలుగుతూ ఆరుతూ అనంతగిరి దాకా వచ్చాం. నాన్నగారు వ్యూ పాయింట్లు చూడలేదు, దారంతా ఆ దీపాన్నే చూశారు. గాలికొండ దగ్గర దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, కాఫీ తాగుదామన్నారు.

తిరిగొచ్చేటప్పుడు దిగుడు కదా, దీపం వెలగలేదు. నీళ్ల మట్టం ఈరోజు ఉదయం చూస్తే ఎలా ఉన్నది అలాగే ఉంది. ఈసారి బోరు నీళ్లు కాదు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

భీమిలి బుల్లోడు | తర్వాతి ఆదివారం రాత్రి 10:20

సూపర్ సార్. నేను ట్యాగులు కోసేశా, రేడియేటర్ టంకానికి ఇచ్చా. అది వచ్చాక నాకు బెల్టు ఫ్యానే గతి, కానీ మా మెకానిక్ పాత రెక్క ఎక్కడో పారేశాడట. మీరు తీసేసిన రెక్క, ఆ నాలుగు బోల్టులు అమ్ముతారా? పద్మినికి పడుతుందా అసలు?

అల్లిపురం అంబీ | తర్వాతి ఆదివారం రాత్రి 10:31

పడదు తమ్ముడూ, పుల్లీ వేరు. పడినా అమ్మను. నాన్నగారు దాన్ని గోనెసంచిలో చుట్టి, కొత్త బెల్టు ఒకటీ, పదమూడో నంబరు స్పానర్ ఒకటీ పెట్టి డిక్కీలో దాచారు.